ఊకెనే చూడనీకి పోయిన



పోయిన వారం బొంబాయి పోయొచ్చిన. ఒక్కదాన్నే. మీటింగు లేదు, ధర్నా లేదు, కేసు లేదు, ఎవరి పెండ్లీ లేదు. ఊకెనే, చూడనీకి. ఈ ఒక్క మాట ఇక్కడ రాయనీకి నాకు నాలుగు రోజులు పట్టింది. ఎందుకు పట్టిందో చెప్పుడే ఈసారి ముచ్చట.

"ఏం పనిమీద పోతున్నవ్?" అని మా నాయిన అడిగిండు. "పనేం లేదు నాయినా, చూసొస్త" అన్న. ఆయన కొంచెంసేపు నా మొఖం దిక్కే చూసిండు. "పని లేకుంట బొంబాయి ఎవరన్న పోతరా బిడ్డా?" అన్నడు.

మా నాయిన బొంబాయిల ఎనిమిదేండ్లు పనిచేసిండు. మాది పాలమూరు, నారాయణపేట దిక్కు. మా దిక్కు బొంబాయి అంటె పట్నం పేరు కాదు, బతుకుదెరువు పేరు. వాన పడకపోతె బొంబాయి. అప్పు తీరకపోతె బొంబాయి. బిడ్డ పెండ్లి పెట్టుకుంటె బొంబాయి. మట్టి మోసుడు, కాంక్రీటు పోసుడు, గోడ లేపుడు. "ఎనిమిదేండ్లల్ల ఏం చూసినవ్ నాయినా?" అని చిన్నప్పుడు అడిగితె, "ఏం చూస్తం, పని చూసినం" అనేటోడు. సముద్రం? "లారీల పోతుంటె ఒక్కసారి కనపడ్డది. పొద్దు పొడవలే ఇంక. నల్లగుండె."

మా వాడోళ్ళు తిరగని జాగ లేదు. పుణె, భివండి, సూరత్, దుబాయి, మస్కట్. కని మా ఇండ్లల్ల టూరు అనే మాట లేదు, వలస అనే మాటే ఉన్నది. వలస పోయినోడు పట్నాన్ని కడ్తడు, చూడడు.

ఉద్యమంల నాతోటి పనిచేసే ఒక అన్న ఫోన్ల గట్టిగనే అడిగిండు: "మనకు టూర్లేంది చెల్లే? ఆ పైసలతోటి ఒక పిల్లకు పుస్తకాలొస్తయి కదా." ఆయన మాటల తప్పు లేదు. నేను కూడ ఇన్నేండ్లు అట్లనే లెక్కేసిన. రాత్రి స్లీపర్ల పోయి, రాత్రి స్లీపర్ల వచ్చిన, లాడ్జి తీసుకోలె. తిండితోటి, టాక్సీలతోటి కలిపి 1,900 రూపాయలైంది. లెక్క చెప్తున్ననంటెనే చూడున్రి, పక్కోడు గోవా పోయొస్తె ఎవనికీ లెక్క చెప్పడు. మనం ఒక్కరోజు తిరిగొస్తె సంజాయిషీ ఇచ్చుకుంటం.

పొద్దుగాల సీఎస్‌ఎంటీల దిగిన. 2004ల యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలకెక్కిన స్టేషన్ అది. లోకల్ దొరకబట్టే తొందరల ఒక్కరు తలెత్తి చూస్తలేరు. నేను నడుమల నిలబడి రాతిమీద చెక్కిన ఆకులు, జంతువులు చూస్తున్న. చేతుల బ్యాగు, మూట ఏం లేకుంట ఒక స్టేషన్ల అట్ల ఊకె నిలబడుడు నాకు ఎరుకున్నంతల అదే మొదటిసారి.

బయటికొచ్చి నడుచుకుంట ఫోర్టు దిక్కు పోతె ఆనంద భవన్ ఉంటది. సిద్ధార్థ కాలేజీ అక్కడనే. బాబాసాహెబ్ 1945ల పీపుల్స్ ఎడ్యుకేషన్ సొసైటీ పెట్టి, 1946ల ఈ కాలేజీ మొదలువెట్టిండు. నేను కొనుక్కున్న టూరిస్టు మ్యాపుల దాని పేరు లేదు. పెన్నుతోటి నేనే ఒక చుక్క పెట్టుకున్న.

ఆడికెళ్ళి గేట్‌వే ఆఫ్ ఇండియా. 1911ల బ్రిటిష్ రాజు వచ్చిన గుర్తుకు కట్టుడు మొదలువెట్టి, 1924ల పూర్తిచేసిన్రు. రాజు అటు దిక్కు వచ్చి పోతె ఇంత రాయి లేపిన్రు. ఆ రాయి మోసినోళ్ళ పేరు మాత్రం యాడ లేదు. మోసినోని బిడ్డను నేను, నాకు కనపడేది అదే. అయినా ఒప్పుకుంట, గాలి చల్లగుండె, పావురాలు లేస్తుండె, పడవలు ఎలిఫెంటాకు పోతుండె. మస్తనిపించింది. కోపంతోటి చూడాల్నని ఏమన్న ఉన్నదా? రెండూ ఒక్కపారే అయితయి.

ఆడనే ఒక తెలుగు కుటుంబం కలిసింది. హైదరాబాదోళ్ళు. ఫోటో తియ్యమని హిందీల అడిగిన్రు, నేను తెలుగుల జవాబిచ్చిన. పెద్దామె సంబురపడ్డది. "ఒక్కదానివే వచ్చినవా తల్లీ? ధైర్యమే నీకు" అన్నది. గోడ నీడకు కూసుందామన్నది. పులిహోర డబ్బా తీసి, మూత మీద నాకు పెట్టబోతున్నది. "ఏ ఊరు? ఇంటిపేరేంది?" చెప్పిన. ఇంటిపేరుతోటి ఏం తెలువనట్టున్నది. "ఇంకేమేం చూస్తవ్? సిద్ధివినాయక్ పోయినవా?" అన్నది. "లేదమ్మా. రాజగృహ పోవాలె, చైత్యభూమి పోవాలె" అన్న. "అవేంటియి?" అన్నది. "అంబేడ్కర్ ఇల్లు, ఆయన సమాధి" అన్న.

"అట్లనా" అన్నది. కొడుకు దిక్కు చూసింది. వాళ్ళ బస్సుకు టైమైతున్నదని యాదికొచ్చింది. డబ్బా మూత పడ్డది.

నాది అనుమానమే కావచ్చు. నిజంగనే బస్సుకు టైమైందేమో. ఆమె మంచామె కూడ కావచ్చు. కని నేను ఆ మెట్ల మీద కూసోని ఇరవై నిమిషాలు అదే ఆలోచించిన. అవునా, కాదా? ఆ ఇరవై నిమిషాలు సముద్రం నా కండ్ల ముందట్నే ఉన్నది, నేను చూడలే. ఈ దేశంల వేరేటోళ్ళు ఖర్చు చెయ్యని టైం మనం ఇట్ల ఖర్చు చేస్తం. నా 1,900 లెక్కల ఇది రాయలే.

బాబాసాహెబ్ కూడ ఒకసారి ఊకెనే చూడనీకి పోయిండు. 'వెయిటింగ్ ఫర్ ఎ వీసా'ల ఆ సంగతి ఉన్నది. 1934ల తోటి కార్యకర్తలు దాదాపు 30 మందితోటి టూరు పోయిండు. వెరూల్ గుహలు చూసిన్రు, దౌలతాబాద్ కోట చూడనీకి పోయిన్రు. అప్పుడు అదంత నిజాం రాజ్యం, మన రాజ్యమే. దారిల ఇబ్బంది కావొద్దని తాము ఎవరో చెప్పకుంట పోదామనుకున్నరు. దౌలతాబాద్ కోట దర్వాజ కాడ చిన్న చెరువు ఉంటె, దుమ్ము కొట్టుకపోయిన మొఖాలు కడుక్కున్నరు. నీళ్ళు అంటయినయని అక్కడి ముస్లింలు గుమిగూడి తిట్టిన్రు. శానాసేపు లొల్లి అయినంక కోట లోపలికి పోనిచ్చిన్రు, కని నీళ్ళు ముట్టొద్దనే షరతు మీద. ముట్టుకుంటరేమో అని తుపాకి పట్టిన సిపాయిని ఎంట పంపిన్రు. హిందువులకు అంటరానోడు ముస్లింకు కూడ అంటరానోడే అని చెప్పనీకే ఆయన ఈ సంగతి రాసిండు.

అప్పటికే ఆయన కొలంబియాల, లండన్ల చదివొచ్చిండు, బారిస్టరు. కని ఒక కోట చూడనీకి తుపాకి నీడల నడువాల్సి వచ్చింది.

1950 జనవరి 26 నుంచి మనకు ఆర్టికల్ 15 ఉన్నది. దాంట్ల రెండో క్లాజు ఒకసారి తీసి చదవున్రి. దుకాణాలు, హోటళ్ళు, వినోద స్థలాలు, బావులు, చెరువులు, స్నానఘట్టాలు, రోడ్లు, జనం వచ్చిపొయ్యే జాగలు. కులం పేరుతోటి ఎవరినీ అడ్డుకోవద్దు. కోర్టుల భాష అనుకుంటం కని, అది ఒక టూరిస్టు తిరిగే జాగల లిస్టే. దౌలతాబాద్ చెరువుకాడ నిలబడ్డ మనిషే రాజ్యాంగం ముసాయిదా కమిటీకి అధ్యక్షుడైండు. మనకు ఊకె తిరిగే హక్కు కూడ కొట్లాడితెనే వచ్చింది. దాన్ని వాడుకోకుంట మూటగట్టి పెట్టుకునుడు ఆయనకు చేసే మర్యాదేం కాదు.

మధ్యాన్నం కామాఠిపుర రోడ్డు మీదికెళ్ళి పోయిన. ఆ పేరు చెప్తె మగోళ్ళు నవ్వుతరు. కామాఠీలంటె ఎవరు? తెలంగాణ నుంచి పొయ్యి ఆ పట్నంల ఇండ్లు, రోడ్లు కట్టిన కూలోళ్ళు. మనోళ్ళ పేరే అది. 1972ల అక్కడి బతుకుల మీదనే నామ్‌దేవ్ ఢసాల్ 'గోల్‌పిఠా' తెచ్చిండు, ఆ ఏడే బొంబాయిల దళిత్ పాంథర్స్ పుట్టింది. నేను గల్లీలల్లకు పోలే. పెద్ద రోడ్డు మీదనే నడిచి బయటపడ్డ. అక్కడి ఆడోళ్ళు నా చూపుకు వస్తువులు కారు. ధారావికి పైసలు తీసుకోని టూర్లు నడుపుతరని మీకు ఎరుకే. మనల్ని చూడనీకి టూర్లున్నయి. మనం చూడనీకి పోతెనే వింత.

ఆడికెళ్ళి పరేల్. దారిల మిల్లులు మాల్‌లైన జాగ కనపడ్డది. 1982 సమ్మెల రోడ్డున పడ్డ కార్మికుల లోపట మన తెలుగోళ్ళు కూడ ఉన్నరు. పరేల్ బీఐటీ చాల్‌ల బాబాసాహెబ్ రెండు గదులల్ల ఇరవై ఏండ్లకు పైన ఉన్నడు. మిల్లు కూలోళ్ళ నడుమ, ఆ చప్పుడుల కూసోని చదివిండు. తర్వాత దాదర్ హిందూ కాలనీల రాజగృహ కట్టుకున్నడు, పుస్తకాల కోసం. 2020 జులైల ఆ ఇంటి మీద పడి అద్దాలు, పూలకుండీలు పగలగొట్టిన్రు. కింది అంతస్తుల ఆయన ఫోటోలు, వాడిన వస్తువులు పెట్టిన్రు. నాతోపాటు ఒక తండ్రి, స్కూలు డ్రెస్సుల ఇద్దరు పిల్లలు ఉన్నరు. ఆయన పిల్లలకు ఒక్కొక్క ఫోటో కాడ ఆగి మరాఠీల చెప్తుండు. నాకు సగమే అర్థమైంది, అయినా వాళ్ళ ఎనుకనే నడిచిన.

పొద్దుగూకేవరకు చైత్యభూమి చేరుకున్న. 1956 డిసెంబర్ 7న బాబాసాహెబ్‌ను ఆ సముద్రం ఒడ్డుననే దహనం చేసిన్రు. డిసెంబర్ 6న లక్షల మంది వస్తరు, ఆరోజు నిలబడనీకి జాగ ఉండదు. నేను పోయిన రోజు పదిమంది కూడ లేరు. చేతులు జోడించి, ఎనుక దిక్కు పోయి నీళ్ళ ముందల కూసున్న. దూరంగ బాంద్రా-వర్లీ సీలింక్ మీద బండ్ల లైట్లు పోతున్నయి.

మా నాయినకు వీడియో కాల్ చేసి, ఫోన్ సముద్రం దిక్కు తిప్పిన. శానాసేపు ఏం మాట్లాడలే. తర్వాత, "ఆ ఎనుక వంతెన ఎప్పుడు కట్టిన్రు? మేమున్నప్పుడు లేకుండె" అన్నడు. 2009ల అన్న. "పిల్లర్లు గట్టిగేసిన్రు" అన్నడు. ఆయన అప్పుడు కూడ పనే చూసిండు. వచ్చే ఎండాకాలం తోలుకపోత అన్న. "నాకెందుకు బిడ్డా" అనలే. "టికెట్ ఎంతయితది?" అన్నడు.

అన్నకు నా జవాబు ఇదే. పుస్తకాలు కొనాలె, ఫీజులు కట్టాలె. కని మనకు బువ్వ, చదువు, కేసు, ఇవే ఉండాలె, ఒక పూట ఊకె కూసునుడు మనది కాదు అని ఎవరు నేర్పిన్రు మనకు? ఆ కొలత మన చేతికిచ్చింది కులమే. దాంతోటి మనల్ని మనమే కొలుసుకోవద్దు.

అప్పు చేసి పోవద్దు. బొంబాయే పోవాల్నని కూడ లేదు. ఫణిగిరి ఉన్నది, నేలకొండపల్లి ఉన్నది, నాగార్జునకొండ ఉన్నది. ఏడాదికి ఒక్కరోజు పిల్లల్ని తోలుకపోన్రి. బోర్డు మీద ఎవరు కట్టించిన్రో రాసుంటది, ఎవరు కట్టిన్రో పిల్లలను అడగమనున్రి. అడిగినంక, గాలికి కొంచెంసేపు ఊకె కూసోనియ్యున్రి.

జై భీమ్.