ఓటు వెయ్యలేదా? అయితే నోరెత్తొద్దట!

ప్రతి ఎన్నికలకూ ఇదే తంతు. పొద్దున వాట్సాప్ స్టేటస్‌ల నిండా సిరా చుక్క పెట్టిన వేళ్లు. సాయంత్రం టీవీలో శాతాలు. ఆ శాతాలు కాస్త తక్కువగా కనిపిస్తే చాలు, తిట్లు మొదలు. "ఓటెయ్యనోళ్లకు రేషన్ కార్డు తీసెయ్యాలె." "పథకాలన్నీ బంద్ పెట్టాలె." "ఇంట్ల పండుకున్నోళ్లకు అడిగే హక్కు ఎక్కడిది?" వీటిని ఎక్కువగా పంపేది చదువుకున్నవాళ్లే. కింద వందల చప్పట్లు.

నేను ప్రతిసారీ ఓటు వేస్తాను. కాబట్టి ఇది నా కోసం చేసుకుంటున్న వాదన కాదు. ఓటు వేయని మనిషిని "ఎందుకు వేయలేదమ్మా" అని అడగడంలో తప్పు లేదు. కారణం వినకుండా తిట్టడం తప్పు. "నీకు అడిగే హక్కు లేదు" అనడం అంతకంటే పెద్ద తప్పు. ఎందుకంటే ఆ మాట చివరికి పోయి తగిలేది ఎవరికో నేను కళ్లారా చూశాను.

మా కమాన్‌పూర్‌లో మా వీధి చివర ఒక కోడలుంది. పెళ్లయి ఆరేళ్లు. మోరీ నిండి నీళ్లు వాకిట్లోకి వస్తున్నాయని వీధిలోకి వచ్చిన ఒక చిన్నపాటి నాయకుణ్ణి అడిగింది. ఆయన తాపీగా, "నువ్వు మొన్న ఓటేసినవా బిడ్డా? లిస్టుల నీ పేరే లేదాయె. ఓటు లేనోళ్లకు మోరీ ముచ్చటెందుకు?" అన్నాడు. పక్కన నలుగురు నవ్వారు. ఆ పిల్ల ముఖం చిన్నబుచ్చుకుని లోపలికి వెళ్లిపోయింది. ఆమె ఓటు ఇంకా పుట్టింట్లోనే ఉంది. దాన్ని ఇక్కడికి మార్పించాలని ఆరేళ్లలో ఆ ఇంట్లో ఎవరికీ తోచలేదు. ఆధార్‌లో ఇంటిపేరు మార్పించారు, గ్యాస్ బుక్కు మార్పించారు. ఓటు మాత్రం ఎవరికీ గుర్తు రాలేదు.

ఇక చట్టం ఏమంటుందో చూద్దాం. 1951 ప్రజాప్రాతినిధ్య చట్టం 79వ సెక్షన్‌లో ఎన్నికల హక్కు అంటే ఏమిటో రాసి ఉంది. ఓటు వేయడమే కాదు, వేయకుండా ఉండటం కూడా ఆ హక్కులో భాగమే అని ఉంది. రాజ్యాంగంలో పౌరుల ప్రాథమిక విధులు 11 ఉన్నాయి. జాతీయ జెండాను గౌరవించడం, అడవులను కాపాడటం, పిల్లలను చదివించడం, అన్నీ ఉన్నాయి. ఓటు వేయడం ఆ జాబితాలో లేదు. డిగ్రీలో తెలుగు చదువుకున్నదాన్ని కాబట్టి మాట పట్టుకుంటానేమో గానీ, మనం "ఓటు హక్కు" అంటాం. హక్కు అని పిలుస్తూ అప్పు వసూలు చేసినట్టు మాట్లాడితే ఎట్లా?

2013 సెప్టెంబరు 27న సుప్రీంకోర్టు నోటా మీట పెట్టమని చెప్పింది. ఎవరూ నచ్చలేదని చెప్పడం కూడా ఒక అభిప్రాయమే అని దాని అర్థం. గుజరాత్‌లో స్థానిక ఎన్నికల్లో ఓటు తప్పనిసరి చేస్తూ చట్టం తెచ్చారు. 2015లో ఆ రాష్ట్ర హైకోర్టు దాని అమలును ఆపేసింది. అదే ఏడాది లా కమిషన్ తన 255వ నివేదికలో నిర్బంధ ఓటింగ్ మన దేశానికి వద్దని చెప్పింది. ఆస్ట్రేలియాలో 1924 నుంచి తప్పనిసరే కదా అంటారు. నిజమే, వేయకపోతే 20 డాలర్ల జరిమానా. కానీ అక్కడ పోలింగ్ శనివారం పెడతారు, రోజుల ముందే వేసే వీలుంది, పోస్టులో పంపే వీలుంది. ఆ సౌకర్యాల సంగతి వదిలేసి జరిమానాను మాత్రం తెచ్చుకుందామంటే ఎట్లా?

ఇప్పుడు శాతాల సంగతి. 2023 నవంబరు 30న జరిగిన అసెంబ్లీ ఎన్నికల్లో మునుగోడులో దాదాపు 92 శాతం, హైదరాబాద్ పాతబస్తీలోని యాకుత్‌పురాలో 40 శాతం కూడా నిండలేదు. 2024 మే 13న లోక్‌సభకు భువనగిరిలో దాదాపు 77, హైదరాబాద్‌లో 48. ఈ అంకెలు చూపించి "పల్లెటూరివాళ్లను చూసి నేర్చుకోండి" అంటారు. పల్లెటూరిదాన్నే అయినా ఆ పొగడ్త నాకొద్దు. 2022 నవంబరులో మునుగోడు ఉపఎన్నికలో 93 శాతం పోలైంది. ఆ ఎన్నికల్లో డబ్బు, మందు ఎట్లా పారాయో రాష్ట్రమంతా చెప్పుకున్నారు. 2021లో హుజూరాబాద్ ఉపఎన్నికప్పుడు "పక్కింటోళ్లకు కవరొచ్చింది, మాకు రాలేదు" అని ఆడవాళ్లు రోడ్డెక్కితే టీవీలన్నీ చూపించాయి. కవరు తీసుకుని ఓటేసిన వేలి మీదా సిరా ఉంటుంది. ఆ కవరు వద్దనుకుని, ఎవరి మీదా నమ్మకం లేక ఇంట్లో ఉండిపోయిన వేలి మీద ఉండదు. మరి వేలు చూసి మనిషి మంచిచెడ్డలు ఎట్లా తేలుస్తున్నారు?

మన బొగ్గు బెల్టు లెక్క ఇంకా బాగా చెబుతుంది. అదే 2023లో డిసెంబరు 27న సింగరేణి గుర్తింపు సంఘం ఎన్నికలు జరిగాయి. దాదాపు 40 వేల ఓట్లు, 94 శాతం పోలింగ్. ఏఐటీయూసీ గెలిచింది. మరి సింగరేణి కార్మికులంతా దేశభక్తులు, యాకుత్‌పురా వాళ్లంతా బద్ధకస్తులు అందామా? అసలు సంగతి వేరే. పోలింగ్ పెట్టెలు బాయిల మీదికి, డిపార్టుమెంట్ల దగ్గరికే వచ్చాయి. డ్యూటీకి పోయిన మనిషి అక్కడే ఓటు వేసి వస్తాడు. గెలిచిన సంఘం తన క్వార్టర్ గురించి, బోనస్ గురించి, మెడికల్ బోర్డు గురించి మాట్లాడుతుందని అతనికి తెలుసు. పెట్టె దగ్గరగా ఉండి, ఫలితం తన బతుకును తాకితే జనం వద్దన్నా వస్తారు. ఇంకో మాట కూడా చెప్పాలి. అదే బాయి మీద అదే దుమ్ము పీల్చే కాంట్రాక్టు కార్మికులకు ఆ ఎన్నికల్లో ఓటే లేదు. పర్మనెంటు వాళ్లకే. ఓటు వేయలేదు కాబట్టి కాంట్రాక్టు కార్మికుడికి జీతం పెంచమని అడిగే హక్కు లేదందామా? ఎవరూ అనరు. మోరీ గురించి అడిగిన కోడలి దగ్గర మాత్రం ఆ న్యాయం గుర్తుకు రాదు.

మనది మంథని నియోజకవర్గం. రాష్ట్రమంతా సాయంత్రం 5 దాకా పోలింగ్ ఉంటే, 2023లో మనతో కలిపి 13 నియోజకవర్గాల్లో 4 గంటలకే ముగించారు, నక్సల్స్ ప్రభావిత ప్రాంతమని. 2024 మేలో ఎండల వల్ల మిగతాచోట్ల 6 దాకా పెంచారు, మనకు మళ్లీ 4 గంటలే. మే నెలంటే యాసంగి వడ్లు ఐకేపీ సెంటర్లో కుప్పలు పోసి ఉండే కాలం. కాంటా ఎప్పుడు పెడతారో తెలియదు, మబ్బు పట్టిందంటే టార్పాలిన్ కప్పాలి. నవంబరు చివరంటే పత్తి ఏరే కాలం. పోలింగ్ రోజు జీతంతో కూడిన సెలవు ఇవ్వాలని చట్టంలో ఉంది, రోజుకూలీకి కూడా. కానీ పత్తి చేన్లో కూలికి వెళ్లే ఆమెకు ఆ రోజు కూలి ఎవరిస్తారు? చేను ఆసామి ఇస్తాడా?

దుబాయి, మస్కట్ పోయిన మన కరీంనగర్ వైపు మగపిల్లల సంగతి చెప్పనే అక్కర్లేదు. ప్రవాసులకు ఓటు ఇచ్చారు గానీ బూతుకు స్వయంగా వచ్చి వేయాలి. విమానం టికెట్టు కొనుక్కుని ఓటేసి పోగల స్తోమత ఉన్నవాడు లేబర్ క్యాంపులో ఎందుకుంటాడు?

ఆడవాళ్ల విషయానికి వస్తే ఈ కథ మొదటి ఎన్నికలంత పాతది. 1951-52 ఎన్నికలకు జాబితా తయారు చేస్తుంటే చాలామంది ఆడవాళ్లు తమ పేరు చెప్పలేదు. ఫలానా వాళ్ల భార్యను, ఫలానా వాళ్ల తల్లిని అని చెప్పారు. అట్లా పేరు చెప్పని దాదాపు 28 లక్షల మంది స్త్రీల పేర్లు జాబితాలోంచి తీసేయాల్సి వచ్చింది. ఎక్కువమంది ఉత్తరాది రాష్ట్రాల వాళ్లే. వాళ్లంతా "ఓటు వేయనివాళ్లు" లెక్కలోకే వస్తారు. తిడదామా వాళ్లను? మా వీధి కోడలికీ వాళ్లకూ తేడా ఎంత?

ఇక కావాలనే వేయనివాళ్లు. ఈ ప్రాంతంలో ఈ మాట ఎత్తితే నాకు భయమేస్తుంది. మా అమ్మగారి ఊరు మహాదేవపూర్ వైపు. నా చిన్నప్పుడు ఎన్నికలను బహిష్కరించమని గోడల మీద ఎర్ర రాతలుండేవి. ఓటు వేస్తే రాత్రి వచ్చేవాళ్లు అడుగుతారు, వేయకపోతే పొద్దున వచ్చేవాళ్లు అడుగుతారు అని మా పెద్దమ్మ చెప్పేది. ఒకరికి వేలి మీద సిరా ఉండకూడదు, ఇంకొకరికి ఉండి తీరాలి. మంథని ఎమ్మెల్యేగా, స్పీకర్‌గా చేసిన శ్రీపాదరావు గారిని 1999లో నక్సలైట్లు చంపేశారు. ఓటు వేయడానికీ వేయకపోవడానికీ మనుషులు ప్రాణభయంతో బతికిన నేల ఇది. ఇక్కడ "ఏదీ, వేలు చూపించు" అనే మాట ఎవరన్నా నాకు సరదాగా అనిపించదు. స్వీట్లు ఇచ్చే దుకాణం వాడు అడిగితే సరే. పనులు చేయాల్సినవాడు అడిగితే అది బెదిరింపే.

"కోపముంటే నిజామాబాద్ రైతుల్లాగా చూపించాలి" అని మా మరిది వాదిస్తాడు. 2019లో పసుపు బోర్డు కోసం రైతులు నామినేషన్లు వేస్తే బరిలో 185 మంది అయ్యారు. అంతకుముందు 1996లో ఫ్లోరైడ్ నీళ్ల గోడు చెప్పుకోవడానికి నల్లగొండలో 480 మంది నిలబడ్డారు. గొప్ప పని, కాదనను. కానీ నిజామాబాద్‌లో ఒక్కొక్కరు 25 వేలు డిపాజిట్ కట్టారు, వెనక రైతు సంఘాలున్నాయి. నల్లగొండ వాళ్లు నిలబడిన రోజుల్లో డిపాజిట్ 500 రూపాయలే. ఆ ఏడాదే దాన్ని 10 వేలు చేశారు. ఒంటరి ఆడమనిషి తన నిరసనకు అంత డబ్బు ఎక్కడినుంచి తేవాలి మరిదీ?

అయితే బద్ధకస్తులే లేరా? ఉన్నారు. సెలవు కలిసొచ్చిందని రిసార్టుకు పోయేవాళ్లున్నారు. కారు ఉండి, బూతు పక్క సందులో ఉండి, ఏసీ కింద నుంచి లేవనివాళ్లున్నారు. వాళ్లను అడగాల్సిందే. కానీ ఒకటి గమనించారా? "పథకాలు బంద్ పెట్టాలె" అనే శిక్ష వాళ్లకు తగలదు. వాళ్లకు రేషన్ బియ్యం అక్కర్లేదు, పింఛను అక్కర్లేదు. ఆ శిక్ష తగిలేది వడ్ల కుప్ప దగ్గర కాపలా ఉన్నామెకే.

మా అబ్బాయి హైదరాబాద్‌లో చదువుతున్నాడు. ఓటు ఇక్కడే. 2024లో రమ్మంటే "ఒక్క ఓటుతో ఏమైతది మమ్మీ" అన్నాడు. మావారు ఫోన్లోనే గట్టిగా తిట్టారు. నేను గంటసేపు వాదించాను. ఆ ఒక్క ఓటు కోసం వాళ్ల తాతమ్మను మంచం మీద కూర్చోబెట్టి మోసుకుపోయిన రోజులు చెప్పాను. వాడు రాలేదు. నాకు బాధేసింది, వాడికి ఆ మాట చెప్పాను కూడా. అంతమాత్రాన వాడు ఈ ఊరివాడు కాకుండా పోయాడా? రేపు వాడి సర్టిఫికెట్ కోసం ఆఫీసుకు పోతే నీ వేలు చూపించమంటే నేను ఊరుకుంటానా? తల్లికీ కొడుక్కీ మధ్య మందలింపు వేరు, సర్కారుకూ పౌరుడికీ మధ్య లెక్క వేరు. గెలిచినవాడు ఓటేసినవాళ్లకే కాదు, వేయనివాళ్లకూ, వ్యతిరేకంగా వేసినవాళ్లకూ, ఇంకా ఓటు రాని పిల్లలకూ ప్రతినిధే. అందరి పన్నుల్లోంచే ఆయన జీతం. అగ్గిపెట్టె కొన్నప్పుడు దుకాణంలో ఎవరూ ఓటేశావా అని అడిగి పన్ను తీసుకోరు.

తిట్టే ఓపిక ఉన్నవాళ్లకు చేయాల్సిన పని చాలా ఉంది. ఇల్లు మారిన ఓటుకు ఫారం 8, కొత్త ఓటుకు ఫారం 6. 18 నిండిన పిల్లల కోసం ఇప్పుడు ఏడాదికి నాలుగు తేదీలు లెక్కలోకి తీసుకుంటారు: జనవరి 1, ఏప్రిల్ 1, జులై 1, అక్టోబరు 1. 85 దాటిన పెద్దవాళ్లకు, 40 శాతం వైకల్యం ఉన్నవాళ్లకు ఇంటి దగ్గరే ఓటు వేయించే వీలుంది, ముందే ఫారం 12డి ఇవ్వాలి. పోలింగ్ రోజు వడ్ల సెంటర్లో నలుగురు ఆడవాళ్లు వంతులు వేసుకుంటే నలుగురూ ఓటేసి రావచ్చు. మంథనికీ రాష్ట్రంలో అందరితో సమానంగా సమయం ఇవ్వమని అడగొచ్చు.

ఆ కోడలి ఫారం 8 నేనే దగ్గరుండి నింపించాను. రేపు ఆమె ఓటు వేస్తుందో, నోటా నొక్కుతుందో, ఇంట్లోనే ఉంటుందో ఆమె ఇష్టం. మోరీ మాత్రం ఇంకా అట్లాగే ఉంది, దాని గురించి ఈసారి ఆమెతో పాటు మేం ఆరుగురం అడగబోతున్నాం. మీ వీధిలో ఓటు పుట్టింట్లోనే ఉండిపోయిన కోడళ్లు ఎంతమందో ఈ వారం ఒకసారి లెక్కపెట్టి చూడండి.