దావీదు సింహాసనము – రెండవ నిబంధన

రాజవంశమునకు దేవుడే శాశ్వతముగా రాజ్యము నొసంగెననియు, కావున రాజును ప్రశ్నించు నధికారము ప్రజలకు లేదనియు వాదించువారు ఐరోపాఖండమున చిరకాలము హెబ్రీయుల పవిత్రగ్రంథమునే సాక్ష్యముగా చూపుచు వచ్చిరి. స్కాట్లండు రాజగు జేమ్సు 1598లో వెలువరించిన గ్రంథమున, రాజెంత క్రూరుడైనను ప్రజలు సహింపవలసినదే యనుటకు సమూయేలు ప్రవక్త మాటల నాధారముగా గైకొనెను. ఆతని కుమారుడగు చార్లెసు ఆ నమ్మకముతోనే యేలి, 1649లో శిరస్సు గోల్పోయెను. పాలకుని దైవమే యెన్నుకొనెనని చెప్పి, ప్రశ్నించినవారిని పాపాత్ములుగా చూపువారు నేటికిని లోకమున లేకపోలేదు. వారి సాక్ష్యమునే మేము పరీక్షింపదలచితిమి. దస్తావేజులోని యొక వాక్యమును చదివి, తక్కిన షరతులను మ్రింగివేయు వాదమును ఏ న్యాయస్థానమును అంగీకరింపదు.

సమూయేలు చెప్పినదేమి? ప్రజలు రాజును కోరగా, ఆతడు మీ కుమారులను తన రథములకును, కుమార్తెలను తన వంటశాలకును గొనిపోవుననియు, పొలములను లాగుకొనుననియు, పంటలో పదియవవంతు తీసికొనుననియు, తుదకు మీరు దాసులగుదురనియు హెచ్చరించెను. ఈ హెచ్చరికను నిరంకుశత్వమునకు ప్రమాణముగా చూపుట, వైద్యుడు విషమని చెప్పిన సీసాను ఔషధమని పుచ్చుకొనుట వంటిది. ద్వితీయోపదేశకాండమున రాజునకు విధించిన నియమములును కలవు. గుఱ్ఱములను, భార్యలను, వెండిబంగారములను విస్తారముగా కూర్చుకొనరాదు. ధర్మశాస్త్రమును తనకొరకు ప్రతివ్రాసికొని దినదినము చదువుకొనవలెను. తన సహోదరులకంటె తాను గొప్పవాడనని గర్వింపరాదు.

నాతాను ప్రవక్త ముఖమున దావీదు పొందిన వాగ్దానమున సింహాసనము శాశ్వతమని యున్నమాట నిజము. ప్రతిపక్షుల బలమంతయు నక్కడనే కలదు. దానిని మేము దాచము. కాని కుమారుడు తప్పుచేసినయెడల దండింతునను మాటయు ఆ వాగ్దానములోనే కలదు. దావీదు మరణకాలమున సొలొమోనున కిచ్చిన యుపదేశమునను, 132వ కీర్తనయందును షరతు మఱింత స్పష్టము: సంతతివారు ధర్మమున నడచుకొనినయెడలనే సింహాసనము. దావీదు ఊరియా భార్యను చేకొని, ఊరియాను యుద్ధమున చంపించినప్పుడు, ఆ నాతానే రాజు నెదుట నిలిచి నేరము మోపెను. వాగ్దానము తెచ్చిన నోరే నేరారోపణమును తెచ్చెను.

ఇక వంశక్రమ మెక్కడిది? దావీదు సౌలు కుమారుడు కాడు. యెష్షయి కుమారులలో కనిష్ఠుడు, గొఱ్ఱెల కాపరి. సొలొమోను తనకంటె పెద్దవాడగు అదోనీయా యుండగనే రాజయ్యెను. దావీదు ఇశ్రాయేలు సమస్తమునకు రాజగుటకై పెద్దలు హెబ్రోనునకు రాగా, ఆతడు వారితో నిబంధన చేసెను. పిమ్మటనే వారాతని నభిషేకించిరి. ఈ క్రమమును చదువరులు గమనింపవలెను.

దావీదు మనుమడగు రెహబాము ఆ క్రమమును మరచెను. సొలొమోను దేవాలయమును, రాజమందిరమును కట్టించుటకు ప్రజలచేత వెట్టి చేయించియుండెను. ఆతడు మరణింపగా ఇశ్రాయేలీయులు షెకెమున గూడి, భారము తగ్గించినయెడల సేవింతుమని రెహబామును వేడిరి. ఆతడు మూడుదినములు గడువడిగెను. వృద్ధులు ప్రజలకు సేవకుడవు కమ్మనిరి. తోడ పెరిగిన యువకులు కాఠిన్యమును బోధించిరి. ఆతడు యువకుల మాట వినెను. దావీదు వంశముతో తమకు సంబంధము లేదని పదిగోత్రములవారు వెడలిపోయిరి. వెట్టిపనుల యధికారిని పంపగా రాళ్లతో కొట్టి చంపిరి. వాగ్దానమునకు వారసుడగు రాజు రథమెక్కి యెరూషలేమునకు పారిపోయెను. ఆతడు సైన్యమును గూర్చి తిరిగి గెలువబోగా, ఈ కార్యము తనవలననే జరిగినదని దైవమే యడ్డగించినట్లు గ్రంథము చెప్పుచున్నది. వంశము నాశ్రయించి వాదించువారు ఈ వాక్యము నేల చదువరు?

అతల్యా యను రాణి రాజసంతతిని చంపించి యూదాను ఆరేండ్లు ఏలెను. దాచబడి బ్రతికిన యేడేండ్ల యోవాషును యాజకుడగు యెహోయాదా దేవాలయమున రాజును చేసెను. బాలుడు దావీదు వంశీయుడే; వంశమే చాలినయెడల కిరీటముంచి యూరకుండవచ్చును. యెహోయాదా యూరకుండలేదు. దేవునికిని, రాజునకును, ప్రజలకును నడుమ నొక నిబంధన చేయించెను. రాజునకును ప్రజలకును నడుమ రెండవ నిబంధన చేయించెను. నిరంకుశులను ఖండించుచు ఫ్రెంచి ప్రొటెస్టంట్లు 1579లో లాటిను భాషయందు వెలువరించిన గ్రంథము ఈ రెండు నిబంధనలమీదనే తన వాదమును నిలిపెను.

తుదకేమయ్యెను? యెహోయాకీము కూలి యీయక పనిచేయించి దేవదారు మేడలు కట్టుకొనుచుండ, రాజు గొప్పదనము దీనుల వ్యాజ్యమును న్యాయముగా తీర్చుటయందున్నదని యిర్మీయా మందలించెను. రాజు వినలేదు. క్రీ. పూ. 586 ప్రాంతమున బబులోను సైన్యము యెరూషలేమును కాల్చెను. సిద్కియా కన్నులు పెరికి, సంకెళ్లతో గొనిపోయెను. దావీదు వంశీయుడు మరల నా సింహాసనమున కూర్చుండలేదు.

ఇది ప్రాచీనగాథయని త్రోసివేయరాదు. ఇథియోపియా చక్రవర్తి హైలీ సెలాసీ తన వంశము సొలొమోనునకును షేబ రాణికిని పుట్టిన కుమారునినుండి యవిచ్ఛిన్నముగా వచ్చినదనియు, తన యధికారము ప్రశ్నింపరానిదనియు 1955 రాజ్యాంగమున వ్రాయించెను. వొల్లో మండలమున ప్రజలు క్షామముచే మడియుచుండ ఆ రక్తసంబంధ మెవరికిని పిడికెడు గింజలు పెట్టలేదు. 1974లో సైన్యమాతని దింపెను. దింపిన సైనికులును ప్రజలతో ఏ నిబంధనయు చేసికొనక, వేలకొలది జనులను చంపిరి. కిరీటమైనను ఖడ్గమైనను ప్రజలకు లెక్క చెప్పనిచో ఫలమొక్కటియే.

దేవుని పేర నేలువాడు దేవుని పేరనే లెక్క చెప్పవలెనని మా సిద్ధాంతము. పాలకుడు దైవాభిషిక్తుడని యెవరైన ప్రకటించినప్పుడు, ప్రజలు భయపడక, యెహోయాదా చేయించిన రెండవ నిబంధన యెక్కడనున్నదో చూపుమని యడుగుదురు గాక! అది లేనిచో వాని తలమీద మిగులునది నూనె మాత్రమే.