మల్లు గుడ్డా, గ్యాసు దీపమూ



మీలో చాలామంది కూచిపూడి నాట్యం చూసే ఉంటారు. నర్తకి అడుగు వేసినప్పుడల్లా నేల దద్దరిల్లి గజ్జెలు ఘల్లుమంటాయి. మన నాట్యానికి నేలతోనే చెలిమి. కాని యూరపు ఖండంలో నేలను తాకీ తాకనట్టు ఆడటమే గొప్ప అనుకున్న కాలం ఒకటి ఉండేది. ఆ నాట్యం పేరు బాలే. ఈ నెల ఆ కాలపు సంగతి చెబుతాను.

1832 మార్చి 12వ తేదీన పారిస్ నగరంలోని ఆపెరా నాటకశాలలో 'లా సిల్ఫీడ్' అనే బాలే ఆడారు. సిల్ఫీడ్ అంటే గాలిలో తిరిగే కన్య. స్కాట్లండులో పెళ్లికి సిద్ధంగా ఉన్న ఒక యువకుడికి ఆమె కనబడుతుంది. మిగతా వాళ్లకు కనబడదు. అతను పెళ్లి మాని ఆమె వెంట అడవికి పోతాడు. మంత్రగత్తె ఇచ్చిన ఉత్తరీయంతో ఆమెను పట్టుకోబోతే, రెక్కలు ఊడిపోయి ఆమె చనిపోతుంది.

ఆ గాలికన్యగా ఆడినది మేరీ తాల్యోనీ. ఆమె తండ్రే ఆమెకు గురువు. మొదట వియన్నాలో ఆయన ఆమె చేత రోజుకు ఆరేసి గంటలు సాధన చేయించాడు. ఒక భంగిమలో నిలిస్తే నూరు లెక్కపెట్టే దాకా కదలటానికి వీలులేదు! చివరకు ఆమె కాలివేళ్ల కొసల మీద నిలిచి, ఏ శ్రమా లేనట్టు తేలిపోయేది. ఆనాటి చెప్పులకు ఇప్పటిలాగా ముందు గట్టి దిమ్మ లేదు. మెత్తని శాటిను చెప్పు, దాని కొసన దారంతో కుట్టిన కుట్లు, అంతే. తక్కిన బలమంతా ఆమె పాదాలదే.

ఆ తేలిక కనబడటానికి మరి రెండు వస్తువులు తోడ్పడినవి. ఒకటి, పొరలు పొరలుగా కుట్టిన పలుచని తెల్లని మల్లు గుడ్డ పావడా. రెండవది, గ్యాసు దీపం. పారిస్ ఆపెరాలోకి గ్యాసు దీపాలు 1822లో వచ్చినవి. మర తిప్పి అన్ని దీపాలనూ ఒక్కసారే తగ్గించవచ్చు, పెంచవచ్చు. అందుచేత రంగం మీద వెన్నెల కాయించటం సులువైనది. 1841లో వచ్చిన 'జిజెల్' అనే బాలేలో చనిపోయిన కన్యలు వెన్నెల రాత్రి అడవిలో నాట్యమాడతారు. ఆ దృశ్యాన్ని ఊహించుకోండి. ఎంత అందం!

ఇప్పుడు మిమ్మల్ని ఒక ప్రశ్న అడుగుతాను. పొయ్యిలో పెద్ద మొద్దు పెడితే వెంటనే అంటుకుంటుందా? అంటుకోదు. అదే ఎండు తాటాకు పెడితే? భగ్గుమంటుంది. కారణమేమిటి? మొద్దుకు పై భాగం మాత్రమే గాలికి తగులుతుంది. పలుచని వస్తువుకు అన్ని వైపులా గాలి ఉంటుంది, అది త్వరగా వేడెక్కుతుంది. మల్లు పావడాలో పొరపొరకూ మధ్య గాలి. ప్రక్కనే గ్యాసు మంట. ప్రమాదం ఎంత దగ్గరలో ఉన్నదో చూశారా? 1844 డిసెంబరులో లండనులో క్లారా వెబ్‌స్టర్ అనే నర్తకి ప్రదర్శన మధ్యలోనే పావడా అంటుకుని, మూడు రోజులకు మరణించింది.

దీనికి మందు లేకపోలేదు. 1821లోనే గేలుసాక్ అనే ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు వెలిగారమూ, కొన్ని అమ్మోనియా లవణాలూ కలిపిన నీటిలో గుడ్డ ముంచితే అది సులభంగా అంటుకోదని కనిపెట్టాడు. వెలిగారం వేడికి కరిగి, గాజుపొరలా గుడ్డను కప్పుతుంది. 1859లో ఫ్రాన్సు ప్రభుత్వం నాటకశాలల్లో తెరలకూ దుస్తులకూ కార్తెరాన్ అనే అతని పద్ధతిలో మందు పట్టించాలని ఉత్తరువు చేసింది. కాని అలా ముంచిన గుడ్డ బిరుసెక్కి, తెలుపు మాసిపోయేది. నర్తకులు వద్దన్నారు.

అలా వద్దన్నవారిలో ఎమ్మా లివ్రీ ఒకతె. పదహారేళ్లకే, 1858లో, 'లా సిల్ఫీడ్' ఆడి పేరు తెచ్చుకున్నది. తాల్యోనీ ఆమెను చూసి మురిసిపోయి, శిష్యురాలిగా చేసుకుని, ఆమె కోసమే 'సీతాకోకచిలుక' అనే బాలే కూర్చింది. 1860లో అది ఆడారు. అందులో చిలుకగా మారిన పిల్ల దివిటీ మంట దగ్గరకు పోయి రెక్కలు కాల్చుకుంటుంది. కథలో మాత్రం దానితో శాపం తీరి మళ్లీ మనిషి అవుతుంది. ఆ యేడే ఎమ్మా తన మామూలు పావడాతోనే ఆడతాననీ, ఏం జరిగినా పూచీ తనదేననీ అధికారికి ఉత్తరం రాసింది.

1862 నవంబరు 15వ తేదీన సాధన జరుగుతున్నది. తన వంతు కోసం కాచుకుని ఉన్న ఎమ్మా పావడా పొరలు విదిలించింది. దీపం మంట అందుకున్నది. ఆమె భయంతో రంగం మీదికి పరుగెత్తింది. పరుగెత్తిన కొద్దీ గాలి తగిలి మంట హెచ్చింది. చివరకు నిప్పార్పే జవాను ఒకడు కంబళి చుట్టి ఆర్పాడు. ఎనిమిది నెలలు బాధపడి, 1863 జూలై 26వ తేదీన ఆమె కన్నుమూసింది. అప్పటికి ఇరవై ఏళ్లు. మంచంలో ఉండి కూడా, ఆ మందు పావడాలు క్షేమమే కాని చాలా వికారంగా ఉంటాయి, నేను తొడగను అన్నదట!

ఆమెను తెలివితక్కువదని తోసివేయకండి. ఏళ్ల తరబడి సాధించిన తేలికదనాన్ని బిరుసు గుడ్డ చెడగొడుతుందని ఆమె బాధ. మరి తప్పు ఎవరిది? నేను బడి నడిపినవాణ్ణి. పదిహేడు పద్దెనిమిదేళ్ల పిల్ల "పూచీ నాది" అంటే, పెద్దవాళ్లు "సరే" అని ఊరుకోరాదు. పూచీ అనేది కాగితం మీద రాసి ఇస్తే తీరిపోయేది కాదు. బిరుసెక్కని మందు కనిపెట్టటమో, దీపాన్ని దూరంగా పెట్టటమో పెద్దల పని.

మీ పని ఒకటి ఉన్నది. దీపావళి నాడు వేలాడే నైలాను బట్టలు మాని, ఒంటికి అమరిన నూలు బట్టలు కట్టుకోండి. పెద్దలు దగ్గర లేకుండా మతాబా వెలిగించకండి. పొరపాటున బట్ట అంటుకుంటే పరుగెత్తకండి! ఉన్నచోటనే ఆగి, ముఖం చేతులతో కప్పుకుని, నేల మీద పడి దొర్లండి. పక్కనున్నవారు మందపాటి దుప్పటి కప్పాలి. కాలిన చోట ఇంకూ, పేస్టూ పూయక, ఇరవై నిమిషాలు చల్లని నీళ్లు ధారగా పోసి డాక్టరు దగ్గరకు తీసుకుపోవాలి.

ఎమ్మా ఆనాడు తొడిగిన బట్టల్లో కాలగా మిగిలిన పీలికలను పారిస్ ఆపెరా వారు భద్రపరిచారు. అవి చూసినవారికి ఈ పాఠం వేరే చెప్పనక్కరలేదు.

మీ మాస్టారు