పాసైనోళ్లు సరే, చేరినోళ్లెందరు?

ఆబిడ్స్ గోడల మీద ర్యాంకుల ఫొటోలు. నాంపల్లిలో సర్వీస్ కమిషన్ ఆఫీసు దాకా అవే బ్యానర్లు. పంతుళ్లం మేం అడుగుతున్నాం: చేరినోళ్లెందరు? ప్రవేశపరీక్ష పెట్టి గట్టోళ్లనే ఏరుకుంటే, అది కోచింగ్ గొప్పతనమెట్లయితది?

లెక్క ఇట్లా తేల్చాలి. ఒకే స్థాయి పిల్లలు 200 మందిని చీటీలేసి విడదీయండి. 100 మందికి కోచింగ్, 100 మందికి లేదు. అక్కడ 60, ఇక్కడ 50 పాసయ్యారనుకోండి. నిష్పత్తుల పరీక్షలో వచ్చే విలువ 1.42. నూటికి ఐదు పొరపాటు హద్దులో 1.96 దాటాలి. దాటలేదు. పదిమంది తేడా ఉన్నా రుజువు కానట్టే!

కోచింగ్ పనిచేస్తే మీ మెరిట్ కొనుక్కున్నదే. పనిచెయ్యకపోతే మా తల్లులు కుదువపెట్టిన పుస్తెలు దోచుకున్నట్టే. ఏదో ఒకటి ఒప్పుకోండి!