స్పిన్ క్లాసులో ఈ సర్కస్ అవసరమా?

ఈ మధ్య మా గచ్చిబౌలి వైపు ఏ పెద్ద జిమ్ముకెళ్ళినా ఓ చీకటి గది, అందులో వరసగా సైకిళ్ళు, రంగురంగుల లైట్లు, చెవులు చిల్లులు పడే పాటలు. దాన్నే స్పిన్ క్లాస్ అంటారు. నాకు ఆ క్లాసుతో పేచీ ఏమీ లేదండోయ్, వారానికి రెండ్రోజులు నేనూ తొక్కుతాను. పరిగెత్తినప్పుడు పడేంత దెబ్బ మోకాళ్ళ మీద పడదు, వాన గొడవ లేదు, కుక్కలు వెంటపడవు. నా బాధల్లా, సైకిలెక్కించి తొక్కడం తప్ప మిగతావన్నీ చేయించడం గురించే.

ఏం చేయిస్తారంటారా? హ్యాండిల్ మీద పుషప్పులు. తొక్కుతూనే కేజీ డంబెల్స్ ఎత్తడం. వెనక్కి తొక్కడం. చేతులు వదిలేసి నిలబడి తొక్కడం. నడుముని సీటు మీదుగా వెనక్కి నెట్టి, పై ఒళ్ళు కదలకుండా బిగబట్టి తొక్కడం. "ఫుల్ బాడీ వర్కౌట్" అని దీనికో పేరు.

మనం లెక్కలొచ్చినవాళ్ళం కదా, ఓసారి లెక్కేద్దాం. కేజీ డంబెల్‌ని అర మీటరు పైకెత్తితే జరిగే పని సుమారు 5 జౌల్స్. రెండు చేతులతో చెరో ఇరవైసార్లు ఎత్తితే 200. ఓ మోస్తరుగా 100 వాట్లతో తొక్కే మనిషి అంత పనినీ రెండు సెకన్లలో చేసేస్తాడు. "కండ పెరగడానికి జౌల్స్ కాదు బాబూ, బరువు కావాలి" అంటారేమో, నేననేదీ అదే. మన ల్యాప్‌టాప్ బ్యాగే అంతకంటే బరువుంటుంది, దాన్ని రోజూ మోస్తున్నా ఎవరికీ కండలు రావట్లేదు :) పుషప్పుల సంగతీ అంతే. నేల మీద చేస్తే ఒంటి బరువులో సగానికి పైగా చేతుల మీద పడుతుంది. సైకిల్ మీద ఆ బరువుని సీటూ పెడల్సే మోసేస్తాయి, చేతులకి మిగిలేది అంతంతమాత్రం. పైగా ఇవన్నీ చేస్తున్నంతసేపూ కాళ్ళ జోరు తగ్గిపోతుంది. అంటే దేనికోసం క్లాసుకొచ్చామో అదే పోయింది.

పనికిరాకపోతే పోనీ అనుకోవచ్చు. ప్రమాదం సంగతి అలా కాదు. రోడ్డు మీద సైకిలైతే మనం తొక్కడం ఆపగానే పెడల్ ఆగుతుంది. చాలా స్పిన్ బైకుల్లో అలా ఉండదు. పెడల్స్‌కీ ముందున్న బరువైన చక్రానికీ నేరుగా లంకె. ఆ చక్రం పదిహేను, ఇరవై కిలోలు ఉండటం మామూలే. మీరు ఆపుదామనుకున్నా అది ఆగదు, మీ కాళ్ళని తిప్పుకుంటూ పోతుంది. రెసిస్టెన్స్ బాగా తగ్గించేసి, చేతులు వదిలేసి నిలబడ్డప్పుడు పాదం స్ట్రాప్‌లోంచి జారితే ఏమవుతుందో ఊహించుకోండి.

బిగబట్టి తొక్కడం ఇంకో విడ్డూరం. రోడ్డు మీద నిలబడి తొక్కితే సైకిల్ మన కింద అటూఇటూ ఊగుతుంది. జిమ్ సైకిల్ ఊగదు కాబట్టి మన ఒళ్ళే ఊగాలి. ఆ ఒంటినీ కదలొద్దంటే భారం పోయి మోకాళ్ళ మీదా నడుం మీదా పడుతుంది. రోజుకి తొమ్మిది గంటలు కుర్చీలో కూలబడే మనకి అసలే వీకుగా ఉండేది ఆ నడుమే! వెనక్కి తొక్కడానికైతే సైకిలే ఒప్పుకోదు. ముందుకి తొక్కేటప్పుడు ఊడిపోకూడదనే ఎడం పెడల్‌కి మరలు తిరగేసి పెడతారు.

తమాషా ఏంటంటే, ఈ క్లాసుల్ని మొదలెట్టినాయన ఇవేవీ చేయమనలేదు. దక్షిణాఫ్రికా నుంచి లాస్ ఏంజిలస్ వెళ్ళిన జానీ గోల్డ్‌బర్గ్ అనే సైక్లిస్టు, 1980ల్లో తన లాంగ్ రేసుల ప్రాక్టీసుని ఇంట్లో చేసుకోవడానికి తయారుచేసుకున్న పద్ధతి అది. ఆయన పెట్టిన స్పిన్నింగ్ ప్రోగ్రాం వాళ్ళు పైన చెప్పినవాటిని చేయించొద్దనే తమ ట్రైనర్లకి నేర్పుతారు. చదును రోడ్డయితే నిమిషానికి 80 నుంచి 110 చుట్లు, ఎత్తయితే 60 నుంచి 80, అంతే. సీట్లోంచి లేచి కూర్చోవడం వాళ్ళూ చేయిస్తారు గానీ తగినంత రెసిస్టెన్స్ పెట్టి, నిదానంగా. ఈ డంబెల్స్, పుషప్పుల ఫ్యాషన్‌కి ఊపొచ్చింది 2006లో న్యూయార్కులో పెట్టిన సోల్‌సైకిల్ లాంటి స్టూడియోల వల్ల.

"సరదాగా ఉంటేనే కదా జనం వచ్చేది" అనే మాటని నేను కొట్టిపారేయను. జనవరిలో ఏడాది ఫీజు కట్టి ఫిబ్రవరిలో మాయమయ్యేవాళ్ళని డాన్సులాంటిదేదో నిలబెడుతుందంటే సంతోషమే. సరదాకి పాటలున్నాయి, లైట్లున్నాయి. నడుం పణంగా పెట్టక్కర్లేదు.

నన్ను నిజంగా భయపెట్టేది వేరే ఉంది. ఆఫీసుల్లో ఫిట్‌నెస్ ఛాలెంజ్ అని టీముల మధ్య పోటీలు పెట్టి, ఎప్పుడూ సైకిలెక్కనివాళ్ళని మొదటిరోజే ముప్పావుగంట క్లాసులో కూర్చోబెడుతున్నారు. ట్రైనరేమో మైకులో "ఎవరూ కూర్చోకూడదు" అని అరుస్తుంటాడు. పక్కన మేనేజరుంటే ఎవడు కూర్చుంటాడు చెప్పండి? అలవాటు లేని తొడ కండరాల్ని అంతలా బాదితే అవి చితికి, అందులోని ప్రోటీన్ రక్తంలో కలిసి కిడ్నీలకే ఎసరు పెట్టొచ్చు. ర్యాబ్డోమయోలిసిస్ అంటారు. అరుదే, కానీ స్పిన్ క్లాసు తర్వాత ఇలా అయినవాళ్ళ గురించి 2017లో అమెరికన్ జర్నల్ ఆఫ్ మెడిసిన్‌లో డాక్టర్లు రాశారు. ఒకట్రెండు రోజుల్లో తొడలు వాచి, నొప్పి భరించలేనంతగా ఉండి, మూత్రం కోక్ రంగులో వస్తుంటే మాత్రం నొప్పిబిళ్ళ వేసుకుని స్టాండప్ మీటింగుకి పోకండి. తిన్నగా ఆస్పత్రికి వెళ్ళండి.

కొత్తగా వెళ్ళేవాళ్ళు ఇరవై నిమిషాలు తొక్కి దిగిపోండి, ఎవరేమనుకుంటే మనకేం. సీటు ఎత్తు చూసుకోండి. మడమని పెడల్ మీద పెట్టి అట్టడుక్కి దించితే కాలు తిన్నగా రావాలి, తొక్కేది మాత్రం మునివేళ్ళ దగ్గరి పాదంతో. డంబెల్స్ టైమొచ్చినప్పుడు నేనైతే రెసిస్టెన్స్ కాస్త పెంచుకుని ఊరికే తొక్కుతుంటాను. మా ట్రైనర్ మొదట్లో ఉరిమి చూసేవాడు, ఇప్పుడు పట్టించుకోవడం మానేశాడు. నా పక్క సైకిలాయన కూడా ఈ మధ్య డంబెల్స్ తీసుకోవట్లేదు.