బుధవారం పొద్దున మొదటి పని
ఉప్పల్, నాచారం షాపులవారికి, పరిశ్రమల యజమానులకు విజ్ఞప్తి

ఉప్పల్ రింగ్‌రోడ్డు చుట్టుపక్కల ఏ జిరాక్స్ షాపు ముందు నిలబడినా ఈ దృశ్యం కనిపిస్తుంది. హాల్‌టికెట్ల కోసం పిల్లలు, ఆధార్ ప్రింటు కోసం పెద్దలు. ఇంతలో స్క్రీన్ మూలన చిన్న గడి తెరుచుకుంటుంది. అప్‌డేట్ వచ్చింది, రీస్టార్ట్ చేయమంటుంది. షాపతను దాన్ని మూసేసి ప్రింటు కొడతాడు. జనం నిలబడి ఉన్నారు, అతని తొందర అతనిది. సాయంత్రం షట్టరు దించేటప్పుడు ఆ గడి గుర్తుకు రాదు. మర్నాడూ రాదు.

ఆ కంప్యూటర్లో ఎందరి ఆధార్, పాన్, పాసుబుక్కుల కాపీలున్నాయో!

మూసేసిన గడి ఖరీదెంతో 2017 మే 12న లోకానికి తెలిసింది. వానాక్రై అనే రాన్సమ్‌వేర్ విండోస్‌లో ఫైళ్లు పంచుకునే ఏర్పాటులోని లొసుగులోంచి దూరి, ఒక కంప్యూటర్ నుంచి మరోదానికి తనంతట తానే పాకింది. ఎవరూ ఏ లింకూ నొక్కనక్కర్లేకపోయింది. ఫైళ్లకు తాళం వేసి, బిట్‌కాయిన్ రూపంలో డబ్బు అడిగింది. దాదాపు 150 దేశాలు దెబ్బతిన్నాయి. చిత్తూరు, కృష్ణా, గుంటూరు, విశాఖ, శ్రీకాకుళం జిల్లాల్లో పోలీసు కంప్యూటర్లు మొరాయించాయి. తిరుమల తిరుపతి దేవస్థానం కంప్యూటర్లూ కొన్ని దాని బారిన పడ్డాయి. ఆ లొసుగును మూసే ప్యాచ్‌ను మైక్రోసాఫ్ట్ మార్చి 14నే విడుదల చేసింది. చేతిలో దాదాపు రెండు నెలల గడువు ఉంది. దెబ్బతిన్నవాటిలో అత్యధికం విండోస్ 7 యంత్రాలు, అంటే అప్పటికింకా ప్యాచ్‌లు అందుతున్నవే. మందు ఇంట్లో ఉండగానే రోగం ముదిరింది.

మన కరెంటు సంస్థల సంగతీ చూడండి. 2019లో తెలంగాణ, ఆంధ్రప్రదేశ్ విద్యుత్ పంపిణీ సంస్థల వెబ్‌సైట్లపై రాన్సమ్‌వేర్ దాడి జరిగింది. ఉప్పల్, నాచారం ఇళ్లకు కరెంటిచ్చే దక్షిణ తెలంగాణ సంస్థ కూడా అందులో ఉంది.

ప్యాచ్ బయటికొచ్చిందంటే లొసుగు ఎక్కడుందో దొంగకూ తెలిసిపోయినట్టే. అప్పటికే దాడులు జరుగుతున్న లొసుగైతే ఒక్కో రోజూ ప్రమాదమే. అమెరికా ప్రభుత్వం 2021 నవంబరు నుంచి అలాంటి లొసుగులకు విడిగా ఒక జాబితా నడుపుతూ, తన శాఖలకు గడువు పెట్టి మరీ మూయిస్తోంది. మన కేంద్ర ప్రభుత్వ సైబర్ భద్రతా సంస్థ సెర్ట్-ఇన్ కూడా హెచ్చరికలు జారీ చేస్తుంది. అవి నాచారం పారిశ్రామికవాడలో ప్రతి షెడ్డు దాకా చేరాలి. పారిశ్రామికవాడల స్థానిక పాలన చూసే ఐలా కార్యాలయాలు, వ్యాపార సంఘాలు వాటిని రెండు ముక్కల తెలుగులో నోటీసు బోర్డు మీద, వాట్సాప్ గ్రూపుల్లో పెట్టాలి.

మైక్రోసాఫ్ట్ తన ప్యాచ్‌లను ప్రతి నెలా రెండో మంగళవారం ఇస్తుంది. మనకు అప్పటికి రాత్రవుతుంది. అందుకే మర్నాడు, బుధవారం పొద్దున, గిరాకీ మొదలయ్యేలోపు గంట సేపు అప్‌డేట్‌కే కేటాయించాలన్నది ఈ కరపత్రం కోరిక. దాడులు జరుగుతున్నాయని హెచ్చరిక వస్తే బుధవారం దాకా ఆగకూడదు. ఆ రోజే పని ముగించాలి.

అప్‌డేట్ చేస్తే బిల్లింగ్ ఆగుతుందనీ, ప్రింటర్ పలకదనీ భయపడేవారున్నారు. ఆ భయం ఉత్తది కాదు. 2024 జులై 19న క్రౌడ్‌స్ట్రైక్ అనే సైబర్ భద్రతా సంస్థ పంపిన తప్పుడు అప్‌డేట్‌తో సుమారు 85 లక్షల విండోస్ యంత్రాలు నిలిచిపోయాయి. శంషాబాద్ విమానాశ్రయంలో బోర్డింగ్ పాసులు చేత్తో రాసిచ్చారు. కాబట్టి ముందు ఒక సిస్టంలో వేసి, బిల్లు, ప్రింటు సరిగ్గా వస్తున్నాయని చూసుకుని మిగతావాటికి వెళ్లాలి. అంతకుముందే లెక్కలన్నీ ఎక్స్‌టర్నల్ హార్డ్‌డిస్కులోకి కాపీ చేసి, దాన్ని ఊడదీసి బీరువాలో పెట్టాలి. తగిలించి వదిలేస్తే రాన్సమ్‌వేర్ దానికీ తాళం వేస్తుంది.

విండోస్ 10కి మామూలు మద్దతు 2025 అక్టోబరు 14తో ముగిసింది. పొడిగింపులో చేరని యంత్రాలకు ఇక ప్యాచ్ రాదు. లేత్‌కో, కాటాకో కట్టేసిన పాత సిస్టంను మార్చలేకపోతే కనీసం దాని నెట్ కేబుల్ పీకేయండి. అసెంబుల్ చేసిచ్చినవారు అప్‌డేట్లు ఆపేసి పెట్టిన క్రాక్ కాపీ ఉంటే అసలుది కొనండి, లేదా ఉచితంగా దొరికే ఉబుంటు వేయించండి.

డబ్బు పోతే వెంటనే 1930కి ఫోన్ చేయండి. సైబర్ దాడి జరిగితే సంస్థలు ఆరు గంటల్లోగా సెర్ట్-ఇన్‌కు తెలియజేయాలని 2022 ఏప్రిల్ 28 నాటి ఆదేశం చెబుతోంది. పరువు పోతుందని దాచిపెట్టకండి.

ఈ కాగితం పక్కన పెట్టే ముందు గోడ మీది క్యాలెండర్ చూడండి. వచ్చే రెండో మంగళవారం మర్నాటి గడిలో పెన్నుతో ‘అప్‌డేట్’ అని రాయండి.