మార్కులొస్తున్నాయని వదిలేయకండి! ఆస్పర్జర్ పిల్లలకు మన బడుల్లో ఆసరా కావాలి

తల్లిదండ్రులారా, ఉపాధ్యాయులారా, పాఠశాల కమిటీ సభ్యులారా!

ఇలాంటి పిల్లాణ్ణి మీరూ చూసే ఉంటారు. లెక్కల్లో ముందుంటాడు. కొల్లేటి ఒడ్డున ఆటపాకలో వాలే పక్షుల్లో గూడబాతు ఏదో, ఎర్రకాళ్ల కొంగ ఏదో దూరం నుంచే చెప్పేస్తాడు. మధ్యాహ్న భోజనం గంట కొట్టి కంచాల మోత మొదలైతే మాత్రం చెవులు మూసుకుని మూలకు పోతాడు. "ఇక్కడే ఉండు, ఇప్పుడే వస్తా" అని మాస్టారు చెప్పి వెళితే, ఇంటిగంట కొట్టినా అక్కడే నిలబడతాడు. బోర్డు మీద తేదీ తప్పుపడితే అందరి ముందూ చెప్పేస్తాడు. "సారీ చెప్పరా" అంటే, "తప్పు నాది కాదు కదండీ" అంటాడు. దాంతో వాడికి పొగరుబోతని ముద్ర పడుతుంది. గారాబం చేసి చెడగొట్టిందని తల్లిని ఆడిపోసుకుంటారు.

అది పొగరూ కాదు, పెంపకం లోపమూ కాదు. మెదడు ఎదిగే తీరులో పుట్టుకతో వచ్చే తేడా. ఆస్పర్జర్ సిండ్రోమ్ అని పిలిచే ఈ స్థితిని 2013లో అమెరికా మానసిక వైద్యులు తమ వర్గీకరణలో ఆటిజం స్పెక్ట్రమ్‌లో కలిపేశారు. ఈ పిల్లలు వేళకే మాటలు నేర్చుకుంటారు, చాలామంది చదువులోనూ రాణిస్తారు. అందుకే ఎవరికీ అనుమానం రాదు, సాయమూ అందదు.

చట్టం మన వైపే ఉంది. 2016 దివ్యాంగుల హక్కుల చట్టం గుర్తించిన 21 వైకల్యాల్లో ఆటిజం ఒకటి. ప్రభుత్వ బడి అయినా, గుర్తింపు పొందిన ప్రైవేటు బడి అయినా బిడ్డ అవసరాన్ని బట్టి సర్దుబాట్లు చేయాల్సిందే. రిజర్వేషన్లకు కావలసిన 40 శాతం వైకల్యం షరతు ఈ సర్దుబాట్లకు లేదు. పరీక్ష రాయడానికి సహాయకుణ్ణి ఇవ్వాలన్నా ఆ 40 శాతం తప్పనిసరి కాదని వికాస్ కుమార్ కేసులో సుప్రీంకోర్టు 2021లోనే తేల్చింది.

మేం కోరేది ఇదీ:

1. ప్రతి హైస్కూల్లో కనీసం ఒక ఉపాధ్యాయునికి ఆటిజంపై శిక్షణ ఇవ్వాలి. ప్రత్యేక అవసరాల పిల్లల కోసం మండలంలో ఉన్న భవిత కేంద్రం టీచర్లు ఆయనకు తోడుండాలి.

2. జూన్‌లో బడి తెరవగానే అలాంటి ప్రతి బిడ్డ కోసం ఒక పేజీ ప్రణాళిక రాసుకోవాలి: ఎక్కడ కూర్చోవాలి, మోత భరించలేనప్పుడు ఎక్కడికి వెళ్లాలి, టైంటేబుల్ మారితే ముందురోజే ఎవరు చెప్పాలి, ఏడిపించేవాళ్లను ఎవరు ఆపాలి. దీనికి పైసా ఖర్చు లేదు.

3. ఏలూరు పెద్దాసుపత్రిలోనూ, తాడేపల్లిగూడెం ఏరియా ఆసుపత్రిలోనూ నెలకో రోజు ఆటిజం పరీక్షలకే కేటాయించి, ఆ తేదీని బడుల్లో ముందే ప్రకటించాలి. కైకలూరు, మండవల్లి, ఆకివీడు పల్లెల నుంచి చెరువు పని, కూలి మానుకుని వచ్చేవాళ్లను "రేపు రండి" అని తిప్పకూడదు. 2022లో జిల్లాలు విడిపోయాయి కాబట్టి ఏలూరు, పశ్చిమ గోదావరి కలెక్టర్లిద్దరూ దీనికి పూనుకోవాలి.

తల్లిదండ్రులారా, బిడ్డ సంగతి దాచకండి. కొడితే మారేది కాదిది, మొక్కితే పోయేదీ కాదు. 2009 విద్యాహక్కు చట్టం ప్రకారం ప్రభుత్వ, ఎయిడెడ్ బడుల కమిటీల్లో కనీసం నాలుగింట మూడొంతుల మంది మనమే. వచ్చే సమావేశంలో ఈ మూడు కోర్కెలపై తీర్మానం పెట్టించండి. సంతకాలతో ఒక ప్రతి మండల విద్యాధికారికి, మరొకటి కలెక్టరేట్‌లోని ప్రజా సమస్యల పరిష్కార వేదికకు ఇచ్చి రసీదు తీసుకోండి.

ఇట్లు,
ఏలూరు, తాడేపల్లిగూడెం, కొల్లేటి పల్లెల ఆటిజం పిల్లల తల్లిదండ్రులు